నోటు చేతికొస్తేనే అప్పు తీరినట్టు

"బావగారి దగ్గర తీసుకున్న అప్పు వడ్డీతో సహా కట్టేశాను. ప్రోనోటు అడిగితే 'బీరువాలో ఎక్కడో ఉంది, వెతికిస్తాలే' అంటున్నారు. గట్టిగా అడిగితే బాగుండదేమో?" ఈ తరహా ప్రశ్న తెలుగునాట ఏ లాయరుకైనా కొత్త కాదు. బాగుండకపోయినా అడగాలన్నదే జవాబు. అడగడం మీ హక్కు కూడా. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం, డబ్బు కట్టే ముందు నోటు చూపించమనవచ్చు, కట్టాక దాన్ని తిరిగి తీసుకోవచ్చు. నోటు పోయిందంటే, రేపు దాని మీద మరెవరైనా బాకీ అడిగితే ఆ నష్టం తానే భరిస్తానని అప్పిచ్చినాయన రాసివ్వాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, నోటు మీద సంతకం మీదేనని తేలితే డబ్బు మీకు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. తీర్చేశానని రుజువు చేసుకోవాల్సింది మీరు. "మీకు గాని, మీ అనుమతి పొందిన వారికి గాని" అని నోటులో రాసే వరస ఊరికే రాసేది కాదు. ఆ నోటును బావగారు ఇంకొకరికి బదలాయించవచ్చు. అప్పుడు మీ ముందు నిలబడేది బావగారు కాదు, ముక్కూ మొహం తెలియని మనిషి.

కొంచెం కొంచెంగా తీరుస్తున్నవారు చెల్లు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పదివేలు కట్టగానే నోటు వెనక తేదీ, మొత్తం రాసి మన చేత సంతకం పెట్టిస్తారు. ఆ నోటు మళ్లీ వారి బీరువాలోకే పోతుంది, మన చేతిలో ఏమీ మిగలదు. మన సంతకం వారికి పనికొస్తుంది, వారి సంతకం మనకు పనికొస్తుంది. కాబట్టి చెల్లు కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. కట్టింది అసలుకా, వడ్డీకా అన్నదీ అందులో ఉండాలి. అక్కడే ఫోనుతో ఫొటో తీసుకోండి. మొత్తం ఐదు వేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు మీద విడిగా రసీదు తీసుకోండి. బ్యాంకు ఖాతా నుంచో ఫోన్‌పే నుంచో పంపితే మరీ మేలు.

వారికి మన సంతకంతో పనేమిటంటారా? కోరిన వెంటనే చెల్లించాల్సిన ప్రోనోటుకు గడువు రాసిన రోజు నుంచి 3 ఏళ్లు. ఆలోగా దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. గడువు లోపల వెయ్యి రూపాయలు జమ కట్టి సంతకం పెట్టినా, బాకీ ఉన్నానని చీటీ రాసిచ్చినా, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. మూడో ఏడు ముగిసే ముందు "ఎంతో కొంత ఇచ్చి సంతకం పెట్టు" అని వడ్డీ వ్యాపారి ఇంటి చుట్టూ తిరిగేది ఇందుకే. గడువు దాటాక కూడా "తప్పక చెల్లిస్తాను" అని రాతపూర్వకంగా ఒప్పుకుంటే చచ్చిన బాకీకి ప్రాణం వస్తుంది. తీసుకున్న అప్పు ఎగ్గొట్టమని చెప్పడం నా ఉద్దేశం కాదు. సంతకం దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టమంటున్నాను.

నోటు తిరగరాసేటప్పుడే అసలు దెబ్బ. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తీసుకుంటే, 3 ఏళ్లలో వడ్డీ 72 వేలు. అది కలిపి 1,72,000 కు కొత్త నోటు రాస్తే వడ్డీ కూడా అసలైపోతుంది. ఇంకో 3 ఏళ్లకు బాకీ 2,95,840. తిరగరాయక తప్పకపోతే కనీసం వడ్డీ చెల్లించి అసలుకే రాయండి. పాత నోటు అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. రెండు నోట్లూ వారి దగ్గరే ఉంటే రెండు దావాలు వేయవచ్చు.

ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టడం మన ప్రాంతంలో ఆచారంలా మారింది. సంతకం చేసి స్టాంపు అంటించిన ఖాళీ నోటు ఇస్తే, నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే. చెక్కు ఇంకా ప్రమాదం. మామూలు బాకీ సివిల్ వ్యవహారం, దానికి పోలీసు అరెస్టు ఉండదు. చెక్కు బౌన్సయితే మాత్రం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కడితే ఆ కేసు నిలవదు. ఈ 15 రోజులూ దిగులుతో గడిపేస్తే నష్టం మీకే.

కోర్టు సమన్లు వస్తే తలుపు వేసుకునే అలవాటు మానాలి. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. హాజరైతే కట్టిన సొమ్ము చూపించవచ్చు, వాయిదాల్లో కట్టే వీలు కల్పించమని కోరవచ్చు. వ్యాపారానికి తీసుకోని అప్పయితే, డిక్రీ తర్వాత అసలు మీద కోర్టు వేసే వడ్డీ ఏడాదికి నూటికి ఆరు దాటదు.

డిక్రీ వచ్చి, దాన్ని అమలు చేయమని అప్పిచ్చినవారు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసినా అన్నీ ఊడ్చుకుపోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, ఆడవారు మతాచారం ప్రకారం వదులుకోకూడని నగలు, చేతివృత్తివారి పనిముట్లు జప్తు చేయకూడదు. రైతు నాగలి, బతుకుతెరువుకు కావలసిన పశువులు, విత్తనాలు, తాను ఉంటున్న ఇల్లు కూడా అంతే. అయితే ఆ ఇంటిని ఆ బాకీ కిందే తాకట్టు పెట్టి ఉంటే ఈ రక్షణ దొరకదు. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. అంటే 31 వేల జీతంలో 21 వేలు భద్రం. డబ్బు డిక్రీ కింద ఆడవారిని అరెస్టు చేయడం కుదరదు. మగవారినైనా కట్టే స్తోమత ఉండీ కట్టకపోతేనే సివిల్ జైలుకు పంపాలి, పేదరికం నేరం కాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

బ్యాంకు, ఫైనాన్సు కంపెనీల రికవరీ మనుషులు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. బంధువులకు, స్నేహితులకు చెప్పి పరువు తీయడమూ నిషిద్ధమే. ముందు ఆ సంస్థకే ఫిర్యాదు రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.

రాజీకి సిద్ధమైతే లోక్ అదాలత్‌కు వెళ్లండి. ఫీజు ఉండదు, దావా అప్పటికే నడుస్తుంటే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. అక్కడ కుదిరిన ఒప్పందం డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు రసీదులు, చెల్లుల ఫొటోలు వెంట తీసుకెళ్లండి.