పంచాయతీ కంప్యూటరు: ఆగిపోయిన అప్‌డేటు

ఇంటిపన్ను లెక్కలు, జనన మరణముల నమోదు నేడు పెక్కు పంచాయతీలలో కంప్యూటరు మీదనే జరుగుచున్నవి. దానిని నడిపించు విండోస్‌కు మైక్రోసాఫ్ట్ వారు నెలనెలా మరమ్మతులు పంపుదురు. వీరి కార్యస్థానమును గచ్చిబౌలి వెళ్ళిన సభ్యులు కొందరు చూచియే యుందురు.

"అప్‌డేటు కాలేదు" అని తెరపై కనబడినపుడు, గుమాస్తా దానిని మూసివేసి పని సాగించుట పరిపాటి. ఇది ప్రమాదకరము. 2017 మార్చిలో వచ్చిన మరమ్మతును వేసికొనని యంత్రములు అనేకము ఆ మే నెలలోనే వాన్నక్రై అను పురుగు వాతబడినవి. అది ఫైళ్ళకు తాళము వేసి, తీయుటకు సొమ్మడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు అందు చిక్కినవి.

మొట్టమొదట రికార్డుల నకలును వేరొక డిస్కులో భద్రపరుపవలెను. పిదప యంత్రమును ఆపి, మరల నడిపి, సీ డ్రైవులో చోటున్నదో లేదో, తేదీ సరిగా నున్నదో లేదో చూడవలెను. చోటు చాలమి తరచు కనబడు కారణము. అప్పటికిని కానిచో, అప్‌డేటు సేవను నిలిపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అను ఫోల్డరులో సగము దిగి చెడిన ఫైళ్ళను తొలగించి, సేవను తిరిగి ప్రారంభించినచో, మరమ్మతు క్రొత్తగా దిగును. ఈ పని అడ్మినిస్ట్రేటరు హక్కు గలవారే చేయగలరు. నడుమ కరెంటు పోకుండ యూపీఎస్ ఉండుట మేలు.

కార్యాలయపు నెట్‌వర్కులో చేరిన యంత్రములకు అప్‌డేట్లు పై సర్వరునుండి వచ్చుటయు కలదు. అచ్చట అనుమతి లేనిదే ఇచ్చట ఎంత ప్రయత్నించినను ఫలముండదు. పై కార్యాలయమునకు వ్రాయవలెను.

విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అట్టి యంత్రము విండోస్ 11కు తగునో లేదో పరీక్షింపజేసి, తగనిచో క్రొత్తదానికై తీర్మానము చేయవలసి యుండును.