గుండె కణితుల ఎంఆర్ఐ: వైద్యరంగానికి ఎంబీబీఎస్ ఒక్కటే ద్వారం కాదు

వైద్యరంగంలో గౌరవం ఎంబీబీఎస్ పట్టాతోనే దక్కుతుందన్న నమ్మకం తెలుగు తల్లిదండ్రుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, బైపీసీ విద్యార్థి అభిరుచి ఏమిటో తెలుసుకోకముందే నీట్ కోచింగ్‌కు ఫీజు కట్టడం ఆనవాయితీగా మారింది. ఈ నమ్మకం ఎంత అసంపూర్ణమో గుండె కణితులను గుర్తించే ఎంఆర్ఐ పరీక్షే నిరూపిస్తుంది.

గుండెలోనే పుట్టే కణితులు అత్యంత అరుదు. ఇతర అవయవాల క్యాన్సర్ గుండెకు పాకడమే ఎక్కువ. పెద్దల్లో తరచుగా ఎడమ కర్ణికలో పెరిగే మిక్సోమా క్యాన్సర్ కాని కణితి. ఎకో పరీక్షలో ముద్ద కనిపించినప్పుడు, అది కణితో, గడ్డకట్టిన రక్తమో తేల్చడానికి ఎంఆర్ఐ తోడ్పడుతుంది. గడోలినియం అనే కాంట్రాస్ట్ మందును ఎక్కించిన తరువాత రక్తనాళాలున్న కణితి సాధారణంగా ప్రకాశిస్తుంది, అవి లేని రక్తపు గడ్డ నల్లగానే ఉంటుంది. గుండె నిరంతరం కదిలే అవయవం కనుక, చిత్రీకరణను ఈసీజీతో అనుసంధానించి, రోగి చేత ఊపిరి బిగబట్టించగల టెక్నాలజిస్టు నైపుణ్యం కొరవడితే, ఎంత అనుభవమున్న రేడియాలజిస్టుకైనా మసకబారిన చిత్రమే అందుతుంది.

ఎంఆర్ఐ ఆవిష్కరణకు 2003లో వైద్య నోబెల్ అందుకున్న పాల్ లాటర్‌బర్ రసాయన శాస్త్రవేత్త, పీటర్ మాన్స్‌ఫీల్డ్ భౌతిక శాస్త్రవేత్త. ఇద్దరూ వైద్యులు కారు. భౌతికశాస్త్రంపై మక్కువ గల విద్యార్థిని ఏళ్ల తరబడి నీట్ ర్యాంకు కోసం బంధించి ఉంచడం అతని ప్రతిభకు చేసే అన్యాయమే. రోగనిర్ధారణపై నిజమైన ఆసక్తి ఉన్నవారికి ఎంబీబీఎస్ మార్గమే సరైనది. అయితే అయిదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎండీ, ఆపై హృదయ చిత్రణలో ప్రత్యేక శిక్షణ అవసరమని ముందే తెలుసుకోవాలి.

వైద్యులుగా కాక టెక్నాలజిస్టులుగా ఈ రంగంలోకి రావాలనుకునే ఇంటర్ బైపీసీ ఉత్తీర్ణులు ఇమేజింగ్ టెక్నాలజీ బీఎస్సీలో చేరవచ్చు.

ఇక్కడా ఉచ్చులు లేకపోలేదు. ఆరు నెలల్లో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ను చేస్తామనే ప్రకటనలను నమ్మి అప్పు చేసి చేరినవారికి, యంత్రాన్ని తాకకుండానే చేతికొచ్చే ధ్రువపత్రం ఆసుపత్రిలో అక్కరకు రాదు. కళాశాలకు విశ్వవిద్యాలయ అనుబంధం ఉందా, బోధనాసుపత్రిలో పనిచేసే స్కానర్ ఉందా, విద్యార్థిని కన్సోల్ వద్ద కూర్చోబెట్టి గుండె స్కాన్లు నేర్పుతారా, ఇంటర్న్‌షిప్ తప్పనిసరా అన్న ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం లభించనిదే ఫీజు కట్టకూడదు. అరుదైన కణితులపైనే దృష్టి నిలిపి మెదడు, వెన్నెముక, కీళ్ల స్కాన్లను నిర్లక్ష్యం చేయడమూ పొరపాటే, ఎందుకంటే రోజువారీ పనిలో అవే అధికం.

ర్యాంకు వెనుక పరుగెత్తించే కోచింగ్ కంటే, పెద్ద ఆసుపత్రికి అనుబంధమైన కళాశాలలో నాలుగేళ్ల క్రమబద్ధమైన శిక్షణే ఎక్కువ మంది విద్యార్థులకు మేలైన మార్గం. ఆ నిర్ణయం తీసుకునే హక్కును తల్లిదండ్రులు పిల్లలకు వదిలిపెట్టాలి.