ఏటిగట్టు పాఠము

మా పాఠశాల విద్యార్థులలో పలువురు గోదావరి లంకలనుండియు, ఏటిగట్టు ప్రక్కనున్న గ్రామములనుండియు వచ్చువారు. ప్రతిదినము గట్టుమీదుగానే నడచి బడికి వత్తురు గాని, దానిని నిలిచి చూచువారు అరుదు. 2022 జూలైలో వరద తీసిన పిదప లంకనుండి వచ్చు నొక బాలుడు, తడిసి ఉబ్బిన భూగోళ పుస్తకమును మా బల్లపై నుంచి, "మాస్టారూ, గట్టు తెగలేదని ఊరంతయు సంతోషించుచున్నది గదా, మరి మా యింటిలోనికి నీరెట్లు వచ్చినది?" అని యడిగెను. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. కావున ఇప్పుడు నిదానముగా చెప్పుచున్నాము.

మొదట అంకెలు చూతము. ఒక సెకండులో ఒక ఘనపుటడుగు నీరు పారినయెడల దానిని ఒక క్యూసెక్కు అందురు. కాటన్ దొరగారు 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించిన ధవళేశ్వరముననే నేడు బారేజి యున్నది. అచ్చట 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరికయు, 13 లక్షలకు రెండవదియు, 17 లక్షలకు మూడవదియు ఇత్తురు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి, గట్లు అనేక స్థలములలో తెగెను. 2006 ఆగస్టులో వచ్చినది 28 లక్షలకు పైచిలుకు మాత్రమే. అయినను గండ్లు పడెను. తక్కువ నీటికే గట్టు తెగినదన్నచో, గట్టు ఎత్తు ఒక్కటే మనలను కాపాడునది కాదని తేలుచున్నది గదా!

నీరు గట్టును త్రోయు బలము లోతుతో సమముగా పెరుగదు. 6 అడుగుల నీరు 12 అడుగులైనచో త్రోపు రెండింతలు గాక నాలుగింతలగును. అయినను మంచి మట్టిగట్టు ఆ త్రోపునకు ఓర్చుకొనగలదు. నీరు గట్టు నెక్కి పొరలిన యెడల మాత్రము అది నిలువదు. ఇది యెల్లరకు తెలిసినదే. తెలియని శత్రువు ఊట.

నీరు గట్టులోనికి మెల్లగా ఇంకి, ఊరివైపు అడుగున చెమ్మగా బయటపడును. ఆ నీరు తేటగా నున్నంతవరకు కనిపెట్టి యుండిన చాలును. అది మురికిగా మారినదా, గట్టు లోపలి మట్టి కొట్టుకొని వచ్చుచున్నదని యర్థము. ఎలుక బొరియయో, పీత కన్నమో, ఎండిన చెట్టు వేరు విడిచిన సందో దీనికి దారి యిచ్చును. కొన్నియెడల గట్టునకు దిగువ నేలయందు ఇసుక, ఉడుకుచున్న అన్నమువలె, కుతకుత పైకి లేచును. అది చూచి జనులు తొందరపడి దానిపైననే బస్తా పడవేయుదురు. మేమును ఒకప్పుడు అదియే సరియనుకొంటిమి. కాని మూసిన నీరు మరియొక చోట పొడుచుకొని వచ్చును. దాని చుట్టును బస్తాలతో బావి ఒరవలె వలయము కట్టి, లోపల నీటిని నిలువనీయవలయును. లోపలి నీరు ఎత్తు పెరిగిన కొలది ఏటినీటి యొత్తిడికి ఎదురొత్తిడి కలిగి, ఊట వేగము తగ్గును; ఇసుక కదలుట మానును. తేటనీటిని పోనిచ్చి మట్టిని పోనీయకుండుటయే ఇందలి కిటుకు.

ఇక గట్టును పెంచు పని. ఎత్తు పెంచినచో అడుగు వెడల్పును పెంచవలయును. పాతగట్టు వాలును మెట్లుగా కోసి, క్రొత్తమట్టిని పలుచని పొరలుగా పరచి, తడిపి, రోలరుతో అణచవలయును. లేనిచో పాతదియు క్రొత్తదియు అతుకక, నడుమ నీటికి దారి యేర్పడును. మట్టిని గట్టు మొదటనే త్రవ్వి తీసినయెడల ఊటకు దారి దగ్గర చేసినవారమగుదుము. ఇదంతయు వరద తీసిన నాటినుండి మే మాసాంతములోపల ముగియవలసినది. జూన్‌లో హడావుడిగా పోసిన వదులుమట్టి తొలి వానకే జారుటను మేము కన్నులార చూచితిమి. రాతికట్టు విషయములో మరియొక చిక్కు కలదు: ఒక దరిని రాయి పరచినచో ప్రవాహము ఎదుటి దరికి మరలి, అచ్చటి భూమిని కోయవచ్చును. కావున రెండు దరుల వారిని అడిగియే పని పెట్టవలయును. తూములను ఎవరును తలపరు. మురుగునీరు ఏటిలోనికి పోవుటకు కట్టిన తూమునకు తలుపు సరిగా దిగనిచో, వరదనాడు ఏరే ఆ త్రోవను ఊరిలోనికి వచ్చును. మైళ్లకొలది గట్టు బాగుగనున్నను ఆ గ్రామమునకు ఫలము లేదు.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్న. మేము నల్లబల్లమీద రెండు గట్లు గీచి, అతని యిల్లు ఎక్కడనో గుర్తింపుమంటిమి. అతడు రెండు గీతల నడుమ చుక్క పెట్టెను. లంక గట్టు వెనుక లేదు. నది తన వరదకై విడిచియుంచుకొన్న వెడల్పులో నున్నది. గట్టు గట్టిపడిన కొలది నీరు ప్రక్కలకు పోజాలక నడుమనే ఎత్తుగా నిలుచును. మా పట్టణపు క్షేమములో కొంత వెల ఆ లంకవారు చెల్లించుచున్నారనుట మాకు కష్టముగా నున్నను, చెప్పక తప్పదు. వారికి కావలసినవి వేరు: ఎత్తైన మెరకపై ఇండ్లును బడియు, పశువులకు దిబ్బ, వేళకు పడవ, అన్నిటికంటె ముందుగా వార్త.

ఆ వార్త భద్రాచలమునుండి వచ్చును. అచ్చట నీటిమట్టము 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో అది 75 అడుగులు దాటెను. 2022లో 71 దాటెను. ఆ నీరు ధవళేశ్వరమును చేరులోపల నున్న వ్యవధియే లంకవారి సొత్తు. అందుచే జూలై, ఆగస్టు మాసములలో ప్రతి యుదయము భద్రాచలము అంకెను మా వరండాలోని పలకపై వ్రాయించుచున్నాము. ఆ బాలుడు చదువు ముగించి వెళ్లినాడు. అతని చెల్లెలు ఇప్పుడు ఆ పని చేయుచున్నది. పలకపై 43 పడిన దినమున లంక పిల్లలను, రేవులో పడవ ఆగకమునుపే, మధ్యాహ్నపు గంటకు ఇంటికి పంపివేయుదుము.