గోడలు లేని తరగతి

విజయనగరమున 1857వ సంవత్సరమున ఒక పాఠశాల వెలసెను. అది 1879లో మహారాజా కళాశాలగా ఎదిగెను. అది మొదలు నూరేండ్లకు పైగా ఈ ప్రాంతమున ఉన్నత విద్య యనగా అధ్యాపకుని కంఠము, నల్లబల్ల, గ్రంథాలయము. విద్యార్థి కళాశాలకు పోవలెనే గాని, కళాశాల విద్యార్థి యింటికి వచ్చుట యెవరును ఎఱుగరు. 2020 మార్చిలో కరోనా వ్యాధి మూలమున దేశమంతటను కళాశాలలు మూతపడినవి. అప్పుడు అధ్యాపకులు, విద్యార్థుల చేతులలో అదివఱకే యున్న వాట్సాప్, యూట్యూబు మొదలగు సామాజిక మాధ్యమములను పాఠములకు వాడుకొనసాగిరి.

ఇవి పాఠముల కొఱకు పుట్టినవి కావు. ఫేస్‌బుక్ 2004లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థుల పరిచయముల కొఱకు మొదలైనది. 2009లో వచ్చిన వాట్సాప్ మిత్రుల కబుర్లకు తావైనది. కబుర్ల చావడిని తరగతిగా మార్చుట సులభమా? శుభోదయపు బొమ్మల వెల్లువలో పాఠము మునిగిపోవును. ఒకడు పంపిన జవాబును నలువదిమంది చూచి వ్రాయుదురు.

అయినను ఈ సాధనము చేయగల మేలు ఒకటి కలదు. దానిని గ్రహించుటకు ఈ సీమకు చెందిన ఒక మహనీయుని తలచుకొనవలెను. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరల భాష నేర్చిరి. వారి పలుకులను చెవులారా విని, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. మన్యపు జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను వలన వారికి వినికిడి పోయెను. మాటల కొఱకు తిరిగినవారు చెవులనే కోలుపోయిరి!

నేడు ఒక అధ్యాపకుడు, "మీ యింటి పెద్దలు వ్యవసాయపు పనిముట్లను ఏమని పిలుతురో వారి గొంతుతోనే పంపుడు" అని విద్యార్థుల బృందమునకు వ్రాసిన చాలును. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్న సీతంపేట కొండలలోని అవ్వ మాటయు, భావనపాడు తీరమందలి తాత మాటయు మఱునాటికి ఒక్కచోట వినబడును. తరగతిలో నోరు విప్పని సవర బాలుడు ఆనాడు తక్కినవారికి ఉచ్చారణ నేర్పువాడగును. ఇట్టి లాభము నల్లబల్ల వలన కలుగదు.

కాని కొండ యూళ్లలో సంకేతము అందనిచోట్లు కలవు. ఇంటికి ఒక్క సెల్‌ఫోనే యున్నచో తండ్రి దానిని పనికి తీసికొనిపోవును. కుమార్తె పాఠము రాత్రి వఱకు వేచియుండవలెను. కావున గడియ తప్పిన పోవు ప్రత్యక్ష ప్రసారము కంటె, ఎప్పుడైనను వినదగిన చిన్న ధ్వని పాఠమే మేలని నా యభిప్రాయము. బృందములో అందఱి ఫోను సంఖ్యలు అందఱికి కనబడుట ఆడపిల్లలకు చిక్కు. దీనికి జంకి, అధ్యాపకుడొక్కడే వ్రాయునట్లు కట్టడి చేసినచో అల్లరియు తగ్గును, ప్రశ్నలును ఆగిపోవును. ప్రశ్నలు లేని బృందము ప్రకటనల పలకయే గదా!

వివేకముగల అధ్యాపకుడు వచ్చిన ధ్వనులన్నింటిని మఱునాడు తరగతిలో అందఱికి వినిపించును. ఫోను లేని విద్యార్థిని ఆ మాటలను తన పుస్తకములో వ్రాసికొని, సాయంకాలము తన యవ్వ నడిగి మఱి రెండు మాటలు చేర్చి తెచ్చును.