ఎత్తు పెంచిన పికప్ బండి - షాఫ్టునకు కలుగు చేటు

మన గ్రామములలో కూరగాయలు, పాలు, ఎరువులు మోయుటకు పికప్ బండ్లు విరివిగా వాడబడుచున్నవి. గోతుల దారిలో అడుగుభాగము తగులుచున్నదని కొందరు యజమానులు వెనుక ఇరుసునకు, కమాను పట్టీలకు నడుమ ఇనుప దిమ్మలు పెట్టించి బండి ఎత్తు పెంచుదురు. పిమ్మట బండి అడుగున వణుకు, మోత పుట్టుట కలదు. చక్రములు సరిచేయించినను అది పోదు. ఏల? లోపము చక్రములలో లేదు, షాఫ్టులో నున్నది.

ఇంజను బలమును గేరుబాక్సు నుండి వెనుక ఇరుసునకు చేరవేయు పొడవైన గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. దాని కొనల యందు క్రాసులు అను కీళ్లుండును. ఇరుసు లేచి పడుచున్నను షాఫ్టు తిరుగగలుగుట వీనివలననే.

వంగిన కీలునకు ఒక స్వభావము కలదు. దాని ఒక వైపు సమవేగముతో తిరిగినను, రెండవ వైపు ప్రతి చుట్టులో రెండు మారులు వేగము హెచ్చి, రెండు మారులు తగ్గును. వంపు 10 డిగ్రీలైనచో ఈ తేడా నూటికి ఒకటిన్నర వంతు. 30 డిగ్రీలైనచో నూటికి 13 వంతులు తగ్గి, 15 వంతులు హెచ్చును. రెండు కీళ్ల వంపులు సమానమైనచో మొదటి దాని తేడాను రెండవది సరిచేయును. ఎత్తు పెంచినపుడు వంపులు పెరుగును. దిమ్మ సరిగా కూర్చుండనిచో ఇరుసు ఒరిగి, ఆ సమానత చెడును. షాఫ్టు పొడవు చాలక, దాని జారుడు భాగపు పట్టును తగ్గును.

బండి కదలునపుడు టక్కుమను చప్పుడు, క్రాసు చుట్టును తుప్పు రంగు పొడి, ఒక వేగమునందే వచ్చు వణుకు - ఇవి హెచ్చరికలు. వీనిని ఉపేక్షించినచో పరుగులో షాఫ్టు ఊడి, ముందు కొన నేలను పొడిచి బండి అదుపు తప్పవచ్చును. క్రాసులను మాత్రము మార్చినచో కొలది కాలమునకే అవి మరల అరుగును. దిమ్మలను తీయించి, కంపెనీ నిర్ణయించిన ఎత్తునకు తెచ్చుటయే సరియైన మందు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్పరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును శాసించుచున్నది.

పంచాయతీ సభ్యులు ఈ సంగతిని బండ్ల యజమానులకు తెలియజేయవలెను. అయితే వారిచే దిమ్మలు పెట్టించినది మన దారిలోని గొయ్యియే అని మరువరాదు. ఒక బండిని ఎత్తు చేసిన ఒక్కరికే వాడుక. ఒక గోతిని పూడ్చిన ఊరంతటికిని మేలు.