రాగి గొట్టములకు టంకము వేయునపుడు వేడిమిని నడపు విధము

లింగంపల్లి చుట్టుపట్ల నొకప్పుడు పైరులుండిన నేలలలో నేడు మేడలు లేచినవి. ఎండవేడిమిచే నీరు కాచు యంత్రములును, రాగి గొట్టములును పలు యిండ్లలో కానవచ్చుచున్నవి. గోడలో దాగిన అతుకు కారెనేని గోడ పగులగొట్టక తప్పదు. కావున ఈ పని నేర్వగోరు సభ్యులకై దీనిని వ్రాయుచున్నాము.

ఇందలి మర్మము మన తల్లులెరిగినదే. కళాయి వేయువాడు ముందు గిన్నెను కొలిమిపై కాచి, నవాసాగరము చల్లి, పిమ్మట తగరమును తాకించును. తగరమును కరిగించునది గిన్నె వేడిమియే కాని మంట కాదు. గొట్టమునకును ఇదియే సూత్రము.

1. గొట్టములో నీరు లేకుండ వార్చవలెను. నీరున్నంతవరకు ఆ తావు 100 డిగ్రీలు దాటదు. తగరము కరగుటకు 232 డిగ్రీల సెంటిగ్రేడు కావలెను.

2. గొట్టపు కొనను, సాకెట్టు లోపలిభాగమును ఉప్పుకాగితముతో మెరయునట్లు రుద్ది, ఫ్లక్సును పలుచగా పూసి, గొట్టమును కడవరకు దూర్చవలెను.

3. గ్యాసు మంటలోని నీలిమొన కొనయందు వేడిమి మెండు. దానితో ముందు అతుకు ప్రక్కనున్న గొట్టమును, పిమ్మట సాకెట్టును చుట్టును కాచవలెను. మంటను ఒకేచోట నిలుపరాదు.

4. మంటకు ఎదుటిప్రక్క టంకపు తీగను సాకెట్టు అంచున తాకింపుడు. రాగి వేడిమికే కరిగినచో అదను వచ్చినదని తెలియవలెను. మంటను సాకెట్టు మొదటికి జరుపుడు. వత్తి నూనెను పీల్చునట్లు సన్నని సందు టంకమును లోనికి పీల్చుకొనును. టంకము వేడిమి వెంట పరుగెత్తును. అరంగుళపు గొట్టమునకు అరంగుళపు తీగ చాలును.

తీగను మంటతో కరిగించినచో అది చల్లని రాగిపై ముద్దగా నిలుచును. చూపునకు గట్టిగా నుండియు లోపల పట్టదు. వేడిమి మితిమీరెనేని ఫ్లక్సు మాడి నల్లబడి, టంకము గుండ్లుగా జారిపోవును. అట్టియెడ విప్పి, శుభ్రపరచి, మరల మొదలిడుటయే మేలు. అతుకు గట్టిపడువరకు కదల్చరాదు, నీరు పోయరాదు.

త్రాగునీటి గొట్టములకు సీసము కలిసిన టంకము వాడరాదు. సీసము విషము, అమెరికా దేశము 1986లో దానిని త్రాగునీటి గొట్టములకు నిషేధించినది. తగరమున కొంచెము రాగి కలిసిన టంకము మేలు.

గడ్డి, కిరసనాయిలు దూరముగా నుంచి, తడిగోనెను, నీళ్ల బకెట్టును చేరువ నుంచుకొనుడు. గోడ పూయకముందే నీరు విడిచి అతుకును పరీక్షింపుడు. నాడు కనిపెట్టిన చెమ్మకు గడియ పని. పూసిన పిదప గోడంతయు పని.