గవర్నర్ మీద నింద వేసే ముందు

అల్లుడూ,

కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద సాంచాలు (మరమగ్గాలు) వేస్తే ఇంజన్ కుంగిపోతోందని, ఎంతసేపటికీ తేరుకోవడం లేదని రాశావు. గవర్నర్ స్ప్రింగ్ బిగించమని సేఠ్ తొందరపెడుతున్నాడట. ఆ స్పానర్ పక్కన పెట్టు. బండి కదలనప్పుడు తోలేవాడు అదిలించలేదా, అదిలించినా ఎద్దుకు సత్తువ లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. నీ పని మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

మీ సెట్ 1500 ఆర్‌పీఎం మీద తిరిగితే 50 హెర్ట్జ్ ఇస్తుంది. 1410కి దిగితే 47. సాంచా మోటారు కూడా దాని వెంటే దిగుతుంది. నిమిషానికి 120 పిక్కులు, అంటే పేక పోగులు, వేసే సాంచా 113కి వస్తుంది. ఏడు పిక్కులేగా అనుకోకు. నాడెకు తగిలే దెబ్బ కూడా అంతకంతకూ మెత్తబడుతుంది. నాడె అవతలి పెట్టెకు చేరకముందే పడుగు మూసుకుంటే, అదృష్టం బాగుంటే సాంచా ధన్‌మని ఆగిపోతుంది. లేదంటే పోగులు వందల్లో తెగుతాయి. భివండీ పద్మనగర్‌లో మనవాళ్ల కూలి మీటర్ల లెక్క. పోగులు అతుకుతూ కూర్చున్న గంటకు పైసా రాదు.

గవర్నర్ లోపల ఉన్నది 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన గుండ్ల సూత్రమే. స్పీడ్ పెరిగితే బరువులు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. స్పీడ్ తగ్గితే స్ప్రింగ్ గెలిచి, పంపు రాక్‌ను ఎక్కువ డీజిల్ వైపు నెడుతుంది. అంటే స్పీడ్ కాస్త పడితేనే దానికి కబురు అందుతుంది. అందుకే ఖాళీగా 52 చూపించి, నిండు లోడ్ మీద 50 దగ్గర నిలబడే సెట్‌ను ముట్టుకోకు. అది జబ్బు కాదు, దాని తత్వం. 47కి పడి మెల్లగా పాకుతూ పైకి వస్తే, లేదా అక్కడే ఉండిపోతే, అప్పుడు వెతకాలి.

వెతకడం ఇలా. గవర్నర్ నుంచి పంపుకు పోయే రాడ్ మీ పాత ఇంజన్‌కు బయటికే కనిపిస్తుంది. నువ్వు టార్చి పట్టుకుని దాని దగ్గర నిలబడు. ఇంకొకరిని ఒక్కొక్క సాంచా వేయమను. అన్నీ ఒకేసారి వేస్తే మోటార్లు మొదట లాగే కరెంటుకు మంచి ఇంజన్ కూడా కుంగుతుంది. రాడ్ వెంటనే కదిలి చివరిదాకా పోయినా స్పీడ్ రాలేదంటే గవర్నర్ తన పని చేసింది. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, కంప్రెషన్ చూడు. అసలు ఆ ఇంజన్ మోయగల సాంచాలేనా అన్నది కూడా చూడు. దూది ఎగిరే కార్ఖానాలో ఎయిర్ ఫిల్టర్‌తోనే మొదలుపెట్టాలి.

రాడ్ ఆలస్యంగా, తడబడుతూ కదిలితే ఎక్కడో పట్టేస్తోంది. ఇంజన్ ఆపు, స్టాప్ లివర్ వదిలేయ్. రాడ్‌ను వేలితో డీజిల్ తగ్గే వైపు నెట్టి వదులు. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే రాడ్ కీలు పిన్ను తీసి రాక్‌ను విడిగా, గవర్నర్ చేతిని విడిగా కదిపి చూడు. దోషం ఎటు ఉందో నీ వేలికే తెలుస్తుంది. రాడ్ పొడవు మాత్రం మార్చకు. విప్పేముందు పెయింట్‌తో గుర్తు పెట్టుకో.

2007లో కరెంటు పంపిణీ టోరెంట్ పవర్ చేతికి వెళ్లి, కోతలు తగ్గాక భివండీలో ఇలాంటి సెట్లు ఎప్పుడో తప్ప తిరగడం లేదు. నెలల తరబడి నిలిచిన పంపులో డీజిల్ జిగురు కడుతుంది, రాక్ పట్టేస్తుంది. బయటి కీళ్ల మీద నూనె, దూది కలిసి నల్లటి ముద్ద అవుతుంది. డీజిల్‌తో కడుగు, తుడువు, పల్చటి నూనె ఒక్క చుక్క వేయి. గ్రీజు పూస్తే దూదిని పిలిచి కూర్చోబెట్టినట్టే. పిన్ను రంధ్రం కోలగా అరిగిందేమో ఊపి చూడు. ఆ వదులంతా పోయాకే రాక్ కదులుతుంది కాబట్టి పిన్ను, బుష్ మార్చాలి. రాక్ లోపలే పట్టేస్తే పంపును టెస్ట్ బెంచ్ ఉన్న చోటికి పంపించు, సీలు నువ్వు తెంపకు.

ఇవేవీ చూడకుండా స్ప్రింగ్ బిగిస్తే ఖాళీ స్పీడ్ పెరుగుతుంది, బద్ధకం అలాగే ఉంటుంది. సాంచాలు ఆపగానే ఇంజన్ అరుస్తుంది, కొన్నిసార్లు ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. హంటింగ్ అంటారు దాన్ని. గవర్నర్లు ఎందుకు ఊగుతాయో లెక్క కట్టి మాక్స్‌వెల్ అంతటివాడు 1868లో ఒక పత్రమే రాశాడు. మనం స్పానర్‌తో ఊహించి తేల్చే సంగతి కాదది.

ఒక్కటి మాత్రం మరవకు. పిన్నుకు స్ప్లిట్ పిన్ వేయకుండా ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. కీలు ఊడి రాక్ నిండు డీజిల్ దగ్గర ఉండిపోతే ఇంజన్ పగిలేదాకా పరిగెడుతుంది. అలా జరిగితే గాలి ఆపి ఇంజన్‌ను నిలపడానికి, గాలి లోపలికి పోయే నోటికి సరిపోయే గట్టి పలక దగ్గర పెట్టుకో. చెయ్యి, గుడ్డ అడ్డం పెట్టవద్దు, లాగేసుకుంటుంది.

పని అయ్యాక ఖాళీ హెర్ట్జ్, లోడ్ హెర్ట్జ్, తేరుకోవడానికి పట్టిన సెకన్లు నోటుబుక్కులో రాయి. సేఠ్ మళ్లీ స్ప్రింగ్ అంటే వాదించకు. టార్చి ఆయన చేతికిచ్చి రాడ్ దగ్గర నిలబెట్టు, సాంచాలు నువ్వు వెయ్యి.

ఆశీస్సులతో,
మీ మామ